పత్రంలో పరిహాసం: వ్యాపార ఒప్పందాల రచనలో హాస్యం – చారిత్రక పరిశీలన

అప్పు పత్రం, క్రయ దస్తావేజు, కౌలు ఒడంబడిక, భాగస్వామ్య పత్రం – ఇవన్నీ రచనలే అయినా సాహిత్య విమర్శ వీటి జోలికి పోవడం అరుదు. శాసన భాషకు దక్కిన శ్రద్ధ దస్తావేజు భాషకు దక్కలేదు. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’, ‘దాన విక్రయాది సర్వ హక్కులతో’, ‘ఎవరి ప్రోద్బలమూ లేక నా ఇష్టపూర్వకంగా’ వంటి పదబంధాలు తరాల తరబడి చెక్కుచెదరకుండా నిలిచాయి. వాటిలో శ్లేషకు, వక్రోక్తికి, చమత్కారానికి తావు లేదు. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే ఒప్పంద పత్రం కేవలం అభిధ మీద నడిచే రచన. కావ్యంలో జీవం పోసే వ్యంజన ఇక్కడ తలెత్తితే వ్యాజ్యానికి బీజమవుతుంది.

హాస్యం స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. వికృతమైన వేషం, వికృతమైన మాట మొదలైన వాటి నుంచి హాస్యం పుడుతుందని భరతుడు చెప్పగా, అభినవగుప్తుడు దానిని విస్తరించి అనౌచిత్యాన్నే హాస్యానికి మూలంగా గ్రహించాడు. ఔచిత్యానికి ఇంతగా కట్టుబడిన ఒప్పంద పత్రంలోకి అనౌచిత్యం మీద బతికే హాస్యం ఎందుకు ప్రవేశించినట్టు? ప్రవేశించిన చోట ఏమి జరిగింది? వేళాకోళంగా రాసిన మాట రాసినవాడిని కట్టివేస్తుందా లేదా అన్న ప్రశ్న స్మృతికర్తల కాలం నుంచి నేటి సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వరకు పదే పదే ఎదురయింది. ప్రతి కాలమూ దానికి చెప్పిన సమాధానం ఒక విషయం మీదనే ఆధారపడింది: ఆ పత్రాన్ని ఎవరు చదువుతారని ఆ కాలం అనుకున్నది? ఒప్పందంలో హాస్యం చరిత్రను తవ్వితే బయటపడేది ఒప్పందపు పాఠకుడి చరిత్ర.

అదత్తం: పదహారింటిలో ఒకటి

నారదస్మృతి దానవిషయాన్ని అదేయం, దేయం, దత్తం, అదత్తం అని నాలుగుగా విభజించింది. ‘అదత్తం’ అంటే ఇచ్చినా ఇవ్వనట్టే లెక్క. అలాంటివి పదహారు. భయంతో, క్రోధంతో, శోకంతో, రోగపీడలో ఇచ్చినవి, లంచంగా ఇచ్చినవి, మోసం వల్ల ఇచ్చినవి ఆ జాబితాలో ఉన్నాయి. వాటి సరసనే పరిహాసంగా ఇచ్చినదీ ఉంది. ఈ పొరుగు గమనించదగినది. నవ్వును స్మృతికర్త చిన్న విషయంగా తీసివేయలేదు. భయం, శోకం ఎలా మనిషి సంకల్పాన్ని చెదరగొడతాయో పరిహాసమూ అలాగే సంకల్పాన్ని పక్కకు నెడుతుందని గుర్తించాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఈ విభాగాన్ని స్వీకరించింది. ఆ మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. వ్యవహార ధర్మాన్ని తెలుగు పద్యంలో చెప్పడానికి పూనుకున్న కవి, తిక్కనకు ‘దశకుమార చరిత్రం’ అంకితమిచ్చిన కవి ఒకడే కావడం తెలుగులో న్యాయభాషకూ కథాభాషకూ మధ్య ఒకప్పుడు ఇంత దూరం లేదనడానికి సాక్ష్యం.

ఇతిహాసంలోనూ ఈ భావం కనిపిస్తుంది. భారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతిని ఒప్పించడానికి అసత్యదోషం అంటని సందర్భాలను ఏకరువు పెడుతుంది. నర్మోక్తి, అంటే వేళాకోళంగా అన్న మాట, వాటిలో మొదటిది. భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన నీతిలోనూ ఇదే ఛాయ ఉంది. అయితే బలి వృత్తాంతంలో ఒక సూక్ష్మం ఉంది. మూడడుగుల నేల చాలునన్న వటువు కోరికకు బలి నవ్వుతూనే సమ్మతించాడని సంస్కృత మూలం చెబుతుంది. నవ్వుతూ ఇచ్చాడు గనుక అదత్తమని వాదించే అవకాశం శుక్రుడికి ఉంది. అతడు ఆ వాదం ఎత్తుకోలేదు. ఎందుకంటే బలి నవ్వింది అడిగినవాడి అల్పత్వాన్ని చూసి. ఇవ్వడం మాత్రం నవ్వులాట కాదు. నవ్వుతూ ఇవ్వడమూ, నవ్వులాటకు ఇవ్వడమూ వేరన్న ఈ భేదం తరవాతి కాలపు న్యాయస్థానాలకు చాలా శ్రమ కలిగించింది.

ఆశ్చర్యకరంగా రోమన్ న్యాయం కూడా ఇదే తోవలో నడిచింది. అక్కడ మౌఖిక ఒప్పందం నిర్ణీతమైన ప్రశ్నోత్తరాలతో ఏర్పడేది: మాట ఇస్తున్నావా అని ఒకడు అడగాలి, ఇస్తున్నానని రెండోవాడు అదే క్రియాపదంతో బదులు చెప్పాలి. మూడో శతాబ్దపు న్యాయవేత్త పౌలుస్, ఈ ప్రశ్నోత్తరాలు వేళాకోళానికో, శిష్యులకు పాఠం చెప్పడానికో జరిగితే బాధ్యత పుట్టదన్నాడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన ‘డైజెస్ట్’ ఆ అభిప్రాయాన్ని భద్రపరిచింది. పాఠం చెప్పడాన్నీ పరిహాసాన్నీ పౌలుస్ ఒకే గాటన కట్టడం ఉపాధ్యాయులకు కొంత కష్టం కలిగించవచ్చు గాని, అతని ఉద్దేశం స్పష్టం. రెండు చోట్లా మాట పలికినవాడు దానిని వాడుతున్నాడు తప్ప దానికి కట్టుబడటం లేదు.

ఈ రెండు సంప్రదాయాలూ చూసినది మాట ఇచ్చినవాడి మనసును. అలా చూడటం వారికి సాధ్యపడింది, ఎందుకంటే ఒప్పందం అప్పుడు ముఖాముఖి వ్యవహారం. యాజ్ఞవల్క్యుడు చెప్పిన లేఖ్యవిధి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. సంవత్సరం, మాసం, పక్షం, దినం, పేరు, గోత్రం, తండ్రి పేరు పత్రంలో ఉండాలి. పైన రాసినది తనకు సమ్మతమని ఋణగ్రహీత స్వహస్తంతో రాయాలి. సాక్షులూ తమ చేతితో రాయాలి. చివర లేఖకుడు తన పేరు చెప్పుకోవాలి. ఋణగ్రహీత చదువురానివాడైతే తన సమ్మతిని సాక్షుల ఎదుట మరొకరిచేత రాయించాలని నారదుడు వివరించాడు. ఇంతమంది కూర్చున్న చోట వేళాకోళమేదో, వ్యవహారమేదో తెలియకపోదు.

గులాబీ, గుర్రపు నాడా, మిరియపు గింజ

మధ్యయుగపు ఇంగ్లండులో పరిహాసం మరో దారిన, అంటే ప్రతిఫలం రూపంలో, పత్రంలోకి ఎక్కింది. భూమి అనుభవించేవాడు ప్రభువుకు ఏదో ఒక సేవ చేయాలన్నది అక్కడి భూస్వామ్య వ్యవస్థ నియమం. సఫోక్ ప్రాంతంలోని హెమింగ్‌స్టన్ భూమికి సంబంధించి 13వ శతాబ్దపు రికార్డులలో నమోదైన సేవ విచిత్రమైనది. రెండో హెన్రీ కాలానికి చెందిన రోలండ్ అనే విదూషకుడు ప్రతి క్రిస్మస్ నాడు రాజు ఎదుట ఒక గంతు వేసి, ఒక ఈల వేసి, ఒక అపానవాయువు విడవాలి. లాటిన్‌లో, మిగిలిన సేవలను నమోదు చేసిన గంభీర శైలిలోనే, దీనినీ నమోదు చేశారు. తరవాతి కాలంలో ఇది సభ్యతకు తగని సేవ అని తలచి దాని స్థానంలో నగదు పన్ను నిర్ణయించారు.

ఇది హాస్యమేనా అని సందేహించవచ్చు. రాజుకు వినోదం కలిగించడం రోలండ్ వృత్తి. దానికి భూమి జీతం. కనుక పత్రం దృష్టిలో అది నికార్సయిన ప్రతిఫలమే. ఆ మాటను నవ్వుగా మార్చింది పాఠకుడి కాలం. ఒక తరం లెక్కగా చదివిన వాక్యాన్ని తరవాతి తరం అసభ్యంగా చదివింది. నేటి పాఠకుడు ఉల్లాసంగా చదువుతున్నాడు.

లండన్ నగరపాలక సంస్థ నేటికీ రాజుకు చెల్లిస్తున్న నామమాత్రపు పన్నులు ఇంకో రకం. ష్రాప్‌షైర్‌లోని ఒక భూమికి రెండు కత్తులు, ఒకటి మొద్దుది, ఒకటి పదునైనది. నగరంలోని పాత కొలిమి స్థలానికి ఆరు గుర్రపు నాడాలు, 61 మేకులు. మొదటిది 1211 నుంచి, రెండోది 1235 నుంచి నడుస్తున్నాయి. ఏటా న్యాయస్థాన భవనంలో అధికారి ఎదుట ఆ మేకులను గంభీరంగా లెక్కపెడతారు. అనుమతి లేకుండా వీధికి అడ్డంగా వంతెన కట్టినందుకు సర్ రాబర్ట్ నోల్స్ కుటుంబానికి 1381లో పడిన జరిమానా ఏడాదికి ఒక ఎర్ర గులాబీ. వీటికన్నా ప్రసిద్ధం మిరియపు గింజ కౌలు. ప్రతిఫలం లేని వాగ్దానం చెల్లదని ఇంగ్లీషు న్యాయం పట్టుబట్టింది. ప్రతిఫలం ఎంత ఉండాలో మాత్రం చెప్పలేదు. దాంతో ఊరికే ఇవ్వదలచినవారు ఒక మిరియపు గింజను కౌలుగా రాసుకున్నారు. భారత ఒప్పంద చట్టం, 1872లోని 25వ సెక్షన్ వివరణ కూడా ప్రతిఫలం తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదంటుంది. మిరియపు గింజ చట్టాన్ని చూసి చట్టం రాసిన నవ్వు. న్యాయవాదులు తమ నియమంలోని డొల్లతనాన్ని తామే గుర్తించి, దానిని ధిక్కరించకుండానే దాటిపోయారు. ఒప్పంద రచనలో హాస్యం నిరపాయంగా నిలిచిన స్థానం ఇదే. అందులో అర్థసందిగ్ధత లేదు. ఒక గింజ అంటే ఒక గింజే.

ఎవరికి నవ్వు?

షేక్‌స్పియర్ ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలో వడ్డీ లేని అప్పుకు పూచీగా పౌండు మాంసం షరతు మొదట వినోదంగానే ప్రతిపాదించబడుతుంది. పత్రంలోకి ఎక్కిన తరవాత ఆ వినోదం జాడ లేదు, నిలిచింది అక్షరమే. తీర్పు కూడా అక్షరం పట్టుకునే వస్తుంది. మన ‘కన్యాశుల్కం’లో వ్యవహారం వేరు. అక్కడ లుబ్ధావధాన్లుతో కుదిరిన బేరమంతా మోసం, పెళ్లికూతురు పిల్లవాడు. రామప్పపంతులు వంటి వ్యాజ్యాల మనిషి చుట్టూ గురజాడ అల్లిన హాస్యం బేరం చుట్టూ తిరుగుతుంది. బేరపు మాటలు మాత్రం బేరపు మాటలలాగే ఉంటాయి. అందుకే ప్రేక్షకుడు నవ్వుతాడు, అవధాన్లు నవ్వడు.

19వ శతాబ్దానికి వచ్చేసరికి ఇంగ్లీషు, అమెరికన్ కోర్టులు మనసును వెతకడం మాని మాటను చూడటం మొదలుపెట్టాయి. 1863లో మిషిగన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కెల్లర్ కేసు పాత పద్ధతికి ఉదాహరణ. పదిహేను డాలర్ల విలువ చేసే పాత వెండి గడియారానికి ఒకాయన సరదాగా మూడు వందల డాలర్ల చెక్కు రాసిచ్చాడు. ఆ తతంగమంతా ఇద్దరికీ వేళాకోళమేనని, ఒప్పందమే లేదని కోర్టు నిర్ణయించింది. ఎనిమిదేళ్లకు ఇంగ్లండులో స్మిత్ వర్సెస్ హ్యూస్ తీర్పు, మనిషి మనసులో ఏమున్నా అతని ప్రవర్తనను చూసి ఎదుటివాడు సమంజసంగా ఏమి నమ్మగలడో అదే ప్రమాణమన్నది. ముఖం తెలియని మనుషుల మధ్య సరుకు, డబ్బు, ఉత్తరాలు తిరిగే కాలం వచ్చింది. కంటికి కనిపించని మనసును నమ్ముకుని వర్తకం సాగదు.

ఈ మార్పుకు పరాకాష్ఠ 1954లో వర్జీనియా రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం లూసీ వర్సెస్ జేమర్ కేసులో ఇచ్చిన తీర్పు. 1952 డిసెంబరు 20 రాత్రి. మెకెన్నీ అనే చిన్న ఊరిలో జేమర్ నడుపుతున్న భోజనశాల. పాత పరిచయస్థుడైన లూసీ వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ మద్యం పుచ్చుకున్నారు. జేమర్‌కు ఫెర్గూసన్ ఫారం అనే 471.6 ఎకరాల భూమి ఉంది. దానిని కొనాలని లూసీ అంతకు ముందే ప్రయత్నించి ఉన్నాడు. యాభై వేల డాలర్లు ఇస్తే అమ్ముతావా అన్న మాట లేచింది. జేమర్ భోజనశాల బిల్లు కాగితం వెనుక అమ్మకపు ఒప్పందం రాశాడు. మొదట ‘నేను’ అని రాసి, భార్య సంతకం కూడా కావాలనేసరికి ఆ కాగితం పక్కన పెట్టి ‘మేము’ అని మళ్లీ రాశాడు. భార్య ఒప్పుకోకపోతే, ఇది తమాషా అని చెవిలో చెప్పి సంతకం చేయించాడు. లూసీ ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఒప్పందం ఖాయం కావడానికి ఐదు డాలర్లు ఇవ్వబోయాడు. అప్పుడు జేమర్ ఇదంతా వేళాకోళమన్నాడు.

కింది కోర్టు జేమర్ పక్షం వహించింది. పై కోర్టు దానిని తోసివేసి భూమి అమ్మవలసిందేనన్నది. ఈ తీర్పులో భాషాపరంగా ఆసక్తికరమైన అంశం ఆధారాల ఎంపిక. ‘నేను’ను ‘మేము’గా మార్చడం, కొనుగోలుదారుకు తృప్తికరమైన హక్కు పత్రాలు చూపాలన్న షరతు చేర్చడం, ముప్పై నలభై నిమిషాల చర్చ – ఇవన్నీ గాంభీర్యానికి గుర్తులయ్యాయి. అంటే జేమర్ తన హాస్యాన్ని మరీ చక్కగా రాశాడు. అనుకరణ ఎంత కచ్చితంగా కుదిరితే అంతగా అది అసలుదై కూర్చుంది. పారడీ రచయితకు మెప్పు తెచ్చే గుణమే అతనికి నష్టమైంది. ఇక భార్య చెవిలో చెప్పిన మాటను లూసీ వినలేదు కనుక దానికి విలువ లేదు. నాటకంలో జనాంతికంగా పలికిన మాట ప్రేక్షకుడికి వినిపించినా రంగం మీది మూడో పాత్రకు వినిపించనట్టే, న్యాయం కూడా ఇక్కడ ఆ మాటను వినలేదు. లూసీ ఒక్కడే పాఠకుడు. అతనికి నవ్వు తెలియలేదు. నారదుడి దృష్టిలో ఈ దానం అదత్తం. వర్జీనియా న్యాయమూర్తుల దృష్టిలో దత్తం.

జర్మనీ మధ్యేమార్గం అనుసరించింది. 1900 నుంచి అమలులో ఉన్న అక్కడి సివిల్ కోడ్ 118వ సెక్షన్ ప్రకారం, ఎదుటివాడు వేళాకోళమని గ్రహిస్తాడనే నమ్మకంతో అన్న మాట చెల్లదు. అయితే అతడు గ్రహించక దానిని నమ్మి నష్టపోతే 122వ సెక్షన్ కింద పరిహారం ఇవ్వాలి. నవ్వడానికి స్వేచ్ఛ ఉంది, దాని ఖర్చు నవ్వినవాడిదే. భారత ఒప్పంద చట్టం పరిహాసాన్ని పేరెత్తి ప్రస్తావించదు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించడమే సమ్మతి అని 13వ సెక్షన్ చెబుతుంది. హాస్యం ఉన్న చోట రెండర్థాలు ఉండక తప్పదు గనుక ఆ నిర్వచనంలోనే సమస్య ఇమిడి ఉంది.

ప్రకటనల విషయంలో పాఠకుడు ఒకడు కాదు, లోకమంతా. తమ పొగగోళం వాడినా జలుబు జ్వరం వస్తే వంద పౌండ్లు ఇస్తామన్న ఇంగ్లీషు కంపెనీ, అది వట్టి అతిశయోక్తి అని వాదించింది. మాట మీద నిలబడతామనడానికి గుర్తుగా బ్యాంకులో వెయ్యి పౌండ్లు వేశామని ఆ ప్రకటనలోనే రాసుకున్నందువల్ల 1892లో ఆ వాదం వీగిపోయింది. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 1999 నాటి లెనార్డ్ వర్సెస్ పెప్సికో. శీతల పానీయపు పాయింట్లు కూడబెడితే బహుమతులిస్తామన్న టెలివిజన్ ప్రకటన చివర, ఒక విద్యార్థి యుద్ధవిమానంలో బడికి దిగుతాడు. దాని వెల డెబ్బై లక్షల పాయింట్లని తెర మీద కనిపిస్తుంది. పాయింటు పది సెంట్లకు కొనుక్కోవచ్చన్న నియమాన్ని పట్టుకుని ఒక యువకుడు పదిహేను పాయింట్లు, 7,00,008.50 డాలర్ల చెక్కు పంపి, రెండు కోట్ల ముప్పై లక్షల డాలర్ల విలువైన విమానం ఇమ్మన్నాడు. న్యాయమూర్తి కింబా వుడ్ ఆ ప్రకటన ఎందుకు నవ్వు తెప్పిస్తుందో పేజీల కొద్దీ వివరించవలసి వచ్చింది. హాస్యాన్ని విడమరచి చెప్పడం ఎంత కష్టమో ఆమే ఒప్పుకున్నారు. బుద్ధిగల ఏ ప్రేక్షకుడూ దీనిని నిజమైన ప్రతిపాదనగా తీసుకోడన్నది ఒక కారణం కాగా, ఇరుపక్షాల మధ్య రాతపూర్వక పత్రమేదీ లేకపోవడం మరో కారణం. ఆ కంపెనీ తరవాత ప్రకటనలో పాయింట్లను డెబ్బై కోట్లకు పెంచి, ఇది తమాషాకేనన్న మాట చేర్చింది. హాస్యానికి వ్యాఖ్యానం జోడించవలసి రావడం కన్నా హాస్య రచయితకు శిక్ష లేదు.

గోధుమరంగు మిఠాయి

ఇంతవరకు చూసిన సందర్భాలలో హాస్యం ఒప్పందానికి ఎదురు నిలిచింది. 20వ శతాబ్దం చివరి భాగంలో దానికి కొత్త ఉద్యోగం దొరికింది: చదివారో లేదో పరీక్షించడం.

అమెరికన్ రాక్ సంగీత బృందం వాన్ హేలెన్ 1982 నాటి కచేరీ ఒప్పందానికి జోడించిన అనుబంధ పత్రంలో, తెరవెనుక ఉంచవలసిన చిరుతిళ్లలో ఎమ్ అండ్ ఎమ్స్ మిఠాయిలు ఉండాలని, వాటిలో గోధుమరంగువి ఒక్కటీ ఉండరాదని రాసి ఉంది. చాలాకాలం దీనిని కళాకారుల గర్వంగా చెప్పుకున్నారు. గాయకుడు డేవిడ్ లీ రోత్ 1997లో వెలువడిన ఆత్మకథలో వేరే కారణం చెప్పాడు. తమ రంగస్థల సామగ్రి చాలా బరువైనది. విద్యుత్తు, నేల బలం, ద్వారాల వెడల్పు గురించిన సాంకేతిక నిబంధనలు పాటించకపోతే ప్రాణాపాయం. గిన్నెలో గోధుమరంగు మిఠాయి కనిపించిందంటే నిర్వాహకులు పత్రం చదవలేదన్నమాట; వెంటనే సామగ్రినంతా తనిఖీ చేసేవారు.

ఈ కథనం మేనేజ్‌మెంటు ఉపన్యాసాలలో ఇప్పుడు నీతికథ స్థాయికి చేరింది. పాఠపరిశీలన చేసేవారు కొంత ఆగి చూడాలి. సాంకేతిక వివరాల నడుమ ఎవరి కంటా పడకుండా ఆ షరతు దాగి ఉండేదని రోత్ చెప్పాడు. వెలుగులోకి వచ్చిన 1982 పత్రంలో మాత్రం అది చిరుతిళ్ల జాబితాలో, వేయించిన బంగాళాదుంపలకూ పెరుగు డబ్బాలకూ మధ్య, హెచ్చరికతో సహా పెద్ద అక్షరాలలో ఉంది. వంట ఏర్పాట్లు చూసేవాడు దానిని చదువుతాడు. విద్యుత్తు పనివాడు చదవడు. కనుక అది పరీక్షగానే పుట్టిందా, పుట్టిన తరవాత పరీక్షగా ఉపయోగపడిందా అన్నది ఆత్మకథను మాత్రమే నమ్మి తేల్చదగినది కాదు. ఏ విధంగా పుట్టినా, ఒప్పంద పత్రంలోని వాక్యానికి తన అర్థంతో నిమిత్తం లేని ప్రయోజనం ఉండవచ్చని అది చూపింది. ఆ వాక్యం మిఠాయిని గురించి మాట్లాడుతూ పాఠకుణ్ని గురించి విచారించింది. దస్తావేజులోకి వ్యంజన ప్రవేశించిన అరుదైన సందర్భం ఇది.

సాఫ్ట్‌వేర్ కాలంలో ఈ పరీక్ష ఫలితాలు వరసగా వచ్చాయి. 2005లో పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ, తన లైసెన్సు ఒప్పందం మధ్యలో ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చి రాసినవారికి బహుమానమని పేర్కొన్నది. నాలుగు నెలల తరవాత, మూడు వేలకు పైగా డౌన్‌లోడ్లు జరిగాక, ఒకరు రాసి వెయ్యి డాలర్లు అందుకున్నారు. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్‌లోని గేమ్‌స్టేషన్ దుకాణం కొనుగోలుదారుల అమరమైన ఆత్మను తమకు ధారాదత్తం చేసే నిబంధన పెట్టి, దాదాపు 7,500 ఆత్మలు సంపాదించినట్టు ప్రకటించింది. వద్దని గుర్తుపెట్టినవారికి ఐదు పౌండ్ల కూపన్ దక్కింది. 2017లో పర్పుల్ అనే వైఫై సంస్థ షరతులలో వెయ్యి గంటల సమాజసేవ చేర్చింది: పండుగ మైదానాలలో మరుగుదొడ్లు కడగడం, నత్త గుల్లలకు రంగులు వేయడం వంటివి. రెండు వారాలలో 22,000 మంది ఒప్పుకున్నారు. గమనించి అడిగినది ఒక్కరు. ఒక కల్పిత సామాజిక మాధ్యమాన్ని సృష్టించి ఓబర్, ఓల్డార్ఫ్-హిర్ష్ అనే పరిశోధకులు 543 మంది మీద చేసిన అధ్యయనంలో, తొలిచూలు బిడ్డను ఇచ్చివేయాలన్న నిబంధనను 98 శాతం గమనించలేదు.

ఈ ఉదంతాలు వార్తాపత్రికలలో నవ్వుకోవడానికి పనికివచ్చాయి గాని, అందులో నవ్వినది ఎవరు, నవ్వులపాలయింది ఎవరు? షరతు రాసిన సంస్థ నవ్వింది. చదవనివాడు హాస్యపాత్ర అయ్యాడు. భరతుడి విభాగంలో ఇది స్మితహసితాల కోవలోది కాదు, ఉపహసితం. చదవకపోవడం అతని బద్ధకమని సూచించే ఈ హాస్యం, చదవడానికి వీలులేనంత పొడవుగా, సన్నని అక్షరాలతో, బేరమాడే అవకాశం లేకుండా పత్రాన్ని తయారుచేసినవారి బాధ్యతను దాటవేస్తుంది. సంతకం చేసినవాడు చదవకపోయినా కట్టుబడతాడని 1934లోనే ఇంగ్లండు కోర్టు ఒక సిగరెట్ల యంత్రం కొనుగోలు కేసులో, మట్టిరంగు కాగితం మీద అతి చిన్న అక్షరాలతో ఉన్న నిబంధన గురించి, తీర్పు చెప్పింది. ఆ సూత్రం మారనంత కాలం ఆత్మను అమ్ముకున్న తమాషాకూ, మధ్యవర్తిత్వ నిబంధన కింద కోర్టుకు వెళ్లే హక్కును వదులుకోవడానికీ మధ్య చదవనివాడి పరిస్థితిలో తేడా లేదు. మొదటిది అమలు కాదు, రెండోది అవుతుంది, అంతే.

హాస్యాన్ని ఎవరో ఒకరు శ్రద్ధగా చదివిన సందర్భంలో ఏమవుతుందో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ లైసెన్సు చూపింది. జేసన్ సాఫ్ట్‌వేర్‌కు ఆయన ఇచ్చిన అనుమతి పత్రం ప్రసిద్ధమైన ఎమ్ఐటి లైసెన్సు నమూనాయే. అందులో సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడరాదన్న ఒక్క వాక్యం అదనం. కాలానికి తగిన చురకగా ఆయన దానిని ఉద్దేశించాడు. అయితే మంచి ఏది, చెడు ఏది అన్నది నిర్వచనం లేని పదం గనుక డెబియన్, ఫెడోరా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేదికలు ఆ లైసెన్సును అంగీకరించలేదు. 2016లో అపాచీ ఫౌండేషన్ కూడా తన ప్రాజెక్టులలో దానిని నిషేధించింది. ఒక పెద్ద కంపెనీ న్యాయవాదులు తమ ఖాతాదారుల వాడకానికి పూచీ ఇవ్వలేమని వాపోగా, వారికి చెడు పనులకు సైతం వాడుకునే ప్రత్యేకానుమతి ఇచ్చినట్టు క్రాక్‌ఫర్డే ఒక ఉపన్యాసంలో చెప్పాడు. నిఘంటువుకు లొంగని ఒకే ఒక్క వాక్యం ఇన్నేళ్ల చర్చకు కారణమైంది. దీనితో పోలిస్తే అమెజాన్ సంస్థ 2016లో లంబర్‌యార్డ్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ షరతులలో చేర్చిన 57.10 నిబంధన చాలా తెలివైనది. ప్రాణరక్షక వ్యవస్థలలో దీనిని వాడరాదన్న గంభీరమైన నిషేధానికి, శవాలు లేచి మనుషులను తినే అంటువ్యాధి వ్యాపించినట్టు ప్రభుత్వ వైద్య సంస్థ ధ్రువీకరిస్తే మినహాయింపు ఇచ్చారు. నిషేధం చెక్కుచెదరలేదు, జరగని పనికి మాత్రమే సడలింపు. మిరియపు గింజకు ఇది ఆధునిక వారసురాలు.

చదివి వినిపించగా

తెలుగు దస్తావేజులలో చదువురానివారి విషయంలో కనిపించే ‘చదివి వినిపించగా విని సమ్మతించి’ అన్న మాట ఈ చరిత్రలో పట్టించుకోదగినది. చివర దస్తూరి అంటూ లేఖరి పేరు, ఇరుపక్కల సాక్షుల సంతకాలు, వేలిముద్ర. నారదుడి నియమం రూపం మార్చుకుని రిజిస్ట్రారు కార్యాలయపు వరండాల దాకా వచ్చింది. పత్రం ఇక్కడ కంటికి కాక చెవికి చేరుతుంది. గొంతెత్తి చదువుతున్నప్పుడు వెయ్యి గంటల మరుగుదొడ్ల సేవ వంటి షరతును ఎవరూ దాటిపోనివ్వరు. వినేవాడు అక్కడే ఆపి అడుగుతాడు. చదివి వినిపించకుండానే ఆ మాట యాంత్రికంగా రాసేసిన దస్తావేజులకూ కొదవ లేదు, అది వేరే సంగతి.

ఫోనులో అప్పు తీసుకునే తెలుగు రైతుకో, చిరువ్యాపారికో అందే ఒప్పందం చాలా సందర్భాలలో ఇంగ్లీషులో ఉంటుంది. పరీక్షగా పెట్టిన పరిహాసాన్ని కూడా అతడు గమనించలేడు, ఎందుకంటే అతనికి పత్రమంతా ఒకటే రంగు. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశం, అప్పు ముఖ్యాంశాల పత్రం ఋణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, దానిని అతనికి వివరించి, అర్థమైనట్టు అంగీకారం తీసుకోవాలని విధించింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇది కొత్త అప్పులకు తప్పనిసరి. అసలు ఒప్పందం మాత్రం ఎప్పటి భాషలోనే ఉండవచ్చు. ఆ ముఖ్యాంశాల పత్రాలు ఇప్పుడు తెలుగులో వెలువడవలసి ఉంది. వాటి వాక్యాలను ఏ తెలుగులో రాయాలన్నది ఇంకా తేలలేదు.